జనం నాడి పట్టడం: డీజేలకు సమగ్ర మార్గదర్శి

డీజే పనిలో చేతులకు ఎంత పని ఉందో కళ్లకూ అంతే ఉంది. బీట్లు కలపడం, ఈక్యూ (శబ్దంలోని కింది, పై స్థాయులను సర్దే నాబ్‌లు) తిప్పడం, లూప్ వేయడం (ఒక ముక్కనే పదేపదే మోగించడం) వంటి చేతిపనులు నేర్పే వీడియోలు కోకొల్లలు. ఓపికగా సాధన చేస్తే అవి ఎవరికైనా పట్టుబడతాయి. ఇప్పటి పరికరాల్లోనైతే సింక్ బటన్ నొక్కితే బీట్లు వాటంతటవే కలుస్తాయి. ఎదురుగా ఉన్న జనానికి ఈ క్షణాన ఏం కావాలో, మరో పావుగంటకు ఏం కావాలో పసిగట్టడం మాత్రం ఏ బటనూ చేసిపెట్టదు.

ఈ కళలో చరిత్రకెక్కినవాళ్లను చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. 1970లో న్యూయార్క్‌లో తన ఇంట్లోనే ‘ది లాఫ్ట్’ పార్టీలు మొదలుపెట్టిన డేవిడ్ మాంకూసో, తర్వాతి కాలంలో మిక్సింగ్ పూర్తిగా మానేసి ప్రతి పాటనూ మొదటి నుంచి చివరి దాకా వినిపించారు. అయినా జనం రాత్రంతా ఆడారు. అదే నగరంలోని బ్రాంక్స్‌లో, 1973 ఆగస్టు 11న చెల్లెలు ఏర్పాటు చేసిన పార్టీలో రికార్డులు వేసిన కూల్ హెర్క్ పేరు లేకుండా హిప్‌హాప్ కథ మొదలుకాదు. పాటలో గాత్రం ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మోగే చిన్న ముక్క కోసం డ్యాన్సర్లు కాచుకుని ఉంటున్నారని ఆయన గమనించారు. ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చి, ఆ ముక్కనే మార్చి మార్చి వేస్తూ సాగదీశారు. చేతి నైపుణ్యం తర్వాతి సంగతి, ముందు చూపు పనిచేసింది. ఆ చూపును ఎలా అలవరచుకోవాలో ఒక్కో మెట్టుగా చూద్దాం.

మొదటి మెట్టు: పాటల పెట్టెను పని ప్రకారం సర్దుకోండి

చాలామంది పాటలను శైలి ప్రకారమో, బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లన్న వేగం లెక్క) ప్రకారమో ఫోల్డర్లలో పెట్టుకుంటారు. వెతుక్కోవడానికి అది సరిపోతుంది. కానీ డ్యాన్స్ ఫ్లోర్ చల్లబడుతున్నప్పుడు మీకు తట్టే ప్రశ్న ‘124 బీపీఎం పాట ఏది’ అన్నది కాదు, ‘వీళ్లను నిలబెట్టే పాట ఏది’ అన్నది. అందుకే ప్రతి పాట జనం మీద ఏం పని చేస్తుందో దాన్నిబట్టి ఇంకో వరుస సర్దండి. దూరంగా నిలబడ్డవాళ్లను ఫ్లోర్ మీదికి పిలిచే పాటలు కొన్ని. వచ్చినవాళ్లను కదలనివ్వకుండా పట్టి ఉంచేవి ఇంకొన్ని. ఊపును అమాంతం పైకి లేపేవి, కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చేవి, ఏదీ పనిచేయనప్పుడు గట్టెక్కించేవి కూడా విడివిడిగా ఉండాలి. ఒకే పాట రెండు మూడు వరుసల్లో ఉన్నా తప్పులేదు.

రెండు గంటల సెట్‌లో (డీజే ఏకబిగిన పాటలు వేసే వంతులో) ఎంత లేదన్నా ముప్పై, నలభై పాటలు పడతాయి. దానికి మూడింతలు తీసుకెళ్లండి. వెయ్యి పాటలు పట్టుకెళితే వెతకడంతోనే సరిపోతుంది, కళ్లు తెరకే అతుక్కుపోతాయి. వరుస మాత్రం మొదటి నుంచి చివరి దాకా ముందే రాసుకోవద్దు. ఒకదాని పక్కన ఒకటి బాగా కుదిరే మూడేసి పాటల గుత్తులు ఓ పది సిద్ధం చేసుకుంటే చాలు. ఒక గుత్తి నడుస్తున్నంతసేపూ మీకు జనాన్ని చూడటానికి తీరిక దొరుకుతుంది.

నిర్వాహకులను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి: వచ్చేవాళ్ల వయసు ఎంత, ఒకరికొకరు తెలిసినవాళ్లా, కొత్తవాళ్లా, మీకు ముందు ఎవరు, తర్వాత ఎవరు, భోజనాలు, ప్రసంగాలు, కేకు కోత వంటివి ఏ సమయానికి ఉన్నాయి. ‘ఎలాంటి పాటలు వేయమంటారు’ అని అడిగితే ఎవరైనా ‘అన్నీ వేయండి’ అంటారు. దానికి బదులు ‘ఏ పాటలు వేస్తే మీవాళ్లు లేచి వెళ్లిపోతారు’ అని అడిగి చూడండి. పనికొచ్చే జవాబు వస్తుంది.

రెండో మెట్టు: ముందే వెళ్లి ఫ్లోర్ మీద నడవండి

మీ వంతుకు గంట ముందు చేరుకోండి. బూత్‌లోకి (డీజే నిలబడి పాటలు వేసే చోటికి) కాకుండా నేరుగా ఫ్లోర్ మధ్యకు వెళ్లి నిలబడండి. బూత్‌లో మీ పక్కనున్న మానిటర్ స్పీకర్ వినిపించేది వేరు, అక్కడ జనం వినేది వేరు. నాలుగు మూలలకూ నడిచి చూస్తే బేస్ (లోతైన కింది స్థాయి శబ్దం) ఎక్కడ గుండెకు తగులుతోందో, ఎక్కడ మాయమవుతోందో తెలుస్తుంది. బేస్ అందని మూలలో జనం నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారంటే తప్పు మీ పాటది కాకపోవచ్చు. ఇంకో సంగతి, ఖాళీ గదిలో గణగణమని మోగిన శబ్దం గది నిండాక మందగిస్తుంది. మనుషుల ఒళ్లు, బట్టలు శబ్దాన్ని, ముఖ్యంగా పైస్థాయి శబ్దాన్ని పీల్చుకుంటాయి. మధ్యాహ్నం సౌండ్ చెక్‌లో కుదిరిన సెట్టింగు రాత్రికి పనికిరాదు.

మీకు ముందున్న డీజే పాటలను శ్రద్ధగా వినండి. ఆయన ఏవి వేశారో గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవే వేయకుండా ఉంటారు. దేనికి జనం కదిలారో చూడండి, అది మీకు ఉచితంగా దొరికే సమాచారం.

మూడో మెట్టు: ముందు వరుసను నమ్మకండి

జనాన్ని చదవడంలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. బూత్ ఎదురుగా చేతులు ఊపుతూ గంతులేసే పదిమందీ మీ స్నేహితులు కావచ్చు, వీరాభిమానులు కావచ్చు, ఏ పాట వేసినా ఆడే హుషారు మనుషులు కావచ్చు. వాళ్లు ఎలాగూ ఆడతారు. వాళ్లను చూసి ‘అదరగొడుతున్నాను’ అనుకుంటే, వెనక ఫ్లోర్ సగం ఖాళీ అయిన సంగతి అరగంట తర్వాత గాని తెలియదు.

గదిని మూడు వలయాలుగా చూడండి. మధ్యలో ఆడుతున్నవాళ్లు. వాళ్ల చుట్టూ అంచున ఊగిసలాడుతున్నవాళ్లు. బయట గోడల దగ్గర, కుర్చీల్లో, పానీయాల కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లు. అసలు వార్త రెండో వలయం నుంచి వస్తుంది. ఆ అంచు బయటికి జరుగుతోందంటే ఫ్లోర్ పెరుగుతోంది, లోపలికి కుంచించుకుపోతోందంటే తరుగుతోంది. మధ్యలో ఎంత కోలాహలంగా ఉన్నా ఈ అంచు చెప్పిందే నిజం.

అంచున నిలబడ్డ ఒక్క మనిషిని ఎంచుకుని పరీక్షగా చూడండి. చేతిలో గ్లాసు, చూపు స్నేహితుల మీద. పాట మారుతుంది. ముందు గ్లాసు పట్టుకున్న వేళ్లలో ఒకటి తాళం వేస్తుంది. తర్వాత మడమ లేచి పడుతుంది. కాసేపటికి భుజం. మాటల మధ్య తల బూత్ వైపు ఒకసారి తిరుగుతుంది. ఇక్కడ గనక మీరు తొందరపడి పాట మార్చేశారా, ఆ మడమ ఆగిపోతుంది. ఓపిక పట్టి అదే ధోరణిలో ఇంకో పాట వేశారా, గ్లాసు పెట్టడానికి చోటు కోసం వెతుకుతారు. గ్లాసు కింద పెట్టారంటే ఆ మనిషి ఫ్లోర్ మీదికి వచ్చినట్టే. అలాంటి వాళ్లను ముగ్గురు నలుగురిని గుర్తుపెట్టుకుని, ప్రతి పాటకూ వాళ్లు ఎంతవరకు వచ్చారో చూస్తూ ఉండండి.

చేతులకన్నా పాదాలు నమ్మదగినవి. పాట మధ్యలో ఎవరో అరిస్తే పక్కవాళ్లూ మర్యాదకు చేతులెత్తుతారు. పాదాలకు అలాంటి మొహమాటం ఉండదు. ఫోన్ల వెలుగును కూడా గమనించండి. ఫోన్లు బూత్ వైపు పైకి లేస్తే వీడియో తీస్తున్నారన్నమాట, అది ఉత్సాహమే. ముఖాల కింద వెలుగుతుంటే విసుగు.

బయటికి వెళ్లడాన్ని చదవడం ఇంకాస్త నేర్పు అడుగుతుంది. చాలాసేపు ఆడి చెమటలు కక్కుతూ ఒకరిద్దరు వెళుతున్నారంటే దాహం, అంతే. కొత్త పాట మొదలైన అరనిమిషంలో నలుగురైదుగురు గుంపుగా కదిలారంటే అది ఆ పాటకు వాళ్లిచ్చిన తీర్పు.

నాలుగో మెట్టు: జవాబు ఎప్పుడు వస్తుందో లెక్క తెలుసుకోండి

నృత్య సంగీతంలో చాలా భాగం నాలుగేసి బీట్ల బార్లుగా, ఆ బార్లు ఎనిమిదేసి, పదహారేసి కలిసి ఒక్కో ఫ్రేజుగా నడుస్తుంది. 128 బీపీఎం పాటలో పదహారు బార్లంటే 64 బీట్లు, సరిగ్గా 30 సెకన్లు. సంగీతం నేర్చుకోనివారి ఒంటికి కూడా ఈ లెక్క తెలుసు. మార్పు ఎక్కడ రావాలో అక్కడ రాకపోతే పేరు పెట్టలేని ఇబ్బంది ఏదో కలుగుతుంది, అడుగు తడబడుతుంది.

దీనివల్ల మీకు రెండు పనులు తేలికవుతాయి. కొత్త పాటను ఫ్రేజు మొదలయ్యే చోట ప్రవేశపెడితే, మిక్సింగ్ అంత గొప్పగా లేకపోయినా జనానికి అతుకు కనిపించదు. రెండోది, ఆ పాటకు స్పందన ఏమిటన్నది కనీసం ఒక ఫ్రేజు పూర్తయ్యే వరకు తేల్చకూడదు. మొదటి పది సెకన్లలో ఎవరూ కదలలేదని కంగారుపడి పాట మార్చేసే డీజే, జనం జవాబు చెప్పబోతుండగా నోరు మూయించినట్టు. ఫ్రేజు మలుపు దాటిన వెంటనే తలెత్తి చూడండి. తెర చూడటం, హెడ్‌ఫోన్స్‌లో తర్వాతి పాట సరిచూసుకోవడం ఆ మలుపుల మధ్య కానివ్వండి.

ఐదో మెట్టు: తొలి గంటలో చేయి బిగబట్టండి

గది ఇంకా నిండలేదు. వచ్చినవాళ్లు పలకరించుకుంటున్నారు. ఇప్పుడు మీ బ్రహ్మాస్త్రం తీయకండి. ఆ పాటను ఇప్పుడు వాడేస్తే గది నిండాక వేయడానికి ఏమీ మిగలదు. పైగా ఖాళీ ఫ్లోర్ మీద మోగే హిట్ పాట, అది ఖాళీగా ఉందని అందరికీ చాటి చెబుతుంది.

వేగం తగ్గించి, శబ్దాల పొరలు తక్కువగా, లయ ఊపు బలంగా ఉన్న పాటలు వేయండి. పక్కవాళ్లతో అరవకుండా మాట్లాడుకునేంత శబ్దమే ఉంచండి. మీ తర్వాత పెద్ద డీజే ఉంటే ఈ నిగ్రహం మరీ ముఖ్యం. ఆరంభ డీజే గది వేడెక్కించి అప్పగించాలి, మరిగించి కాదు. ఈ పనికి చప్పట్లు రావు. కానీ ఇది బాగా చేసేవాళ్లను నిర్వాహకులు మళ్లీ పిలుస్తారు.

శబ్దం గురించి ఒక మాట. చెవులు అలసిపోయేకొద్దీ అదే శబ్దం తక్కువగా వినిపిస్తుంది, దాంతో డీజే తెలియకుండానే వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు. మిక్సర్ మీద ఎర్ర దీపం వెలుగుతోందంటే శబ్దం పగిలిపోతోందని అర్థం. పగిలిన శబ్దం జనాన్ని అలసిపోయేలా చేస్తుంది, కారణం తెలియకుండానే వాళ్లు బయటికి నడుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వేదికలకు సూచించిన గరిష్ఠ సగటు స్థాయి 100 డెసిబెల్స్. ప్రతి రాత్రీ ఆ మోతలో గడిపే మీకు ఇయర్ ప్లగ్స్ తప్పనిసరి.

ఆరో మెట్టు: పాటతో ప్రశ్న అడగండి

చదవడమంటే ఊరికే చూస్తూ కూర్చోవడం కాదు. ప్రతి పాటా ఒక ప్రశ్న. కాకపోతే ఒకసారికి ఒక్కటే అడగాలి. వేగం, పాట వచ్చిన కాలం, గాత్రం, లయ, ఈ నాలుగూ ఒకేసారి మార్చేసి జనం చెదిరిపోతే దేనివల్ల చెదిరారో మీకెలా తెలుస్తుంది? గాత్రం లేని పాటలకు జనం ఓ మోస్తరుగా ఆడుతున్నారనుకోండి. అదే వేగం, అదే లయ ఉంచి గాత్రం ఉన్న పాట ఒకటి వేయండి. అంచు బయటికి జరిగిందా, ఈ రాత్రి వీళ్లకు కలిసి పాడుకునే పాటలు కావాలి. జరగలేదా, తిరిగి పాత బాటకు వచ్చి, ఈసారి పదేళ్ల వెనకటి పాటతో అడగండి.

లయ విషయంలో మాత్రం ఒక మంచి ఆధారం ఉంది. 2014లో ప్లోస్ వన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో రకరకాల డ్రమ్ లయలు వినిపించి, దేనికి కదలాలనిపించిందో అడిగారు. బీటు పక్కకు తప్పి పడే దెబ్బలు బొత్తిగా లేని లయలూ, అతిగా ఉన్న లయలూ వెనకబడ్డాయి. మధ్యస్థంగా ఉన్నవాటికే కదలాలన్న కోరిక, ఆనందం ఎక్కువగా కనిపించాయి. జనం విసుగ్గా కనిపిస్తే లయలో కాస్త వంపు ఉన్న పాటకు వెళ్లండి. తికమకపడుతున్నట్టు కనిపిస్తే దెబ్బలు బీటు మీదే పడే నిటారు లయకు రండి. చాలాసార్లు వేగం మార్చాల్సిన అవసరమే రాదు.

ఏడో మెట్టు: అలలుగా నడిపించండి

రెండు గంటలు ఏకబిగిన శిఖరం మీద ఉంచితే అది శిఖరంలా అనిపించదు. మూడు నాలుగు పాటలతో పైకి తీసుకెళ్లి, ఒకటి రెండు పాటలతో కిందికి దించి, ఈసారి కిందటి సారికన్నా కాస్త ఎత్తుకు తీసుకెళ్లండి. దించడమంటే వేగం తగ్గించడమే అనుకోనక్కరలేదు. గాత్రం తీసేసినా, బేస్ పలచబరచినా, పొరలు తగ్గించినా ఊపు దిగుతుంది. ఆ దిగుడులోనే దాహమైనవాళ్లు వెళ్లి వస్తారు, అలసినవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఇది మీరు ఇవ్వకపోతే వాళ్లే తీసుకుంటారు, అదీ మీకు వీలుకాని సమయంలో.

వేగాన్ని ఒక్కో పాటకు రెండు, మూడు బీపీఎం చొప్పున పెంచితే ఎవరి దృష్టికీ రాదు. పెద్ద దూకుడు కావాలంటే సగం, రెట్టింపు లెక్క వాడండి. 85 బీపీఎం పాట నుంచి 170 పాటకు, 70 నుంచి 140కి బీటు తప్పకుండా దాటవచ్చు. మరో మార్గం, డ్రమ్ములు ఆగిన చోట పాటను ఎకోలో కరగనిచ్చి కొత్తది మొదలుపెట్టడం.

మీ చేతిలో ఉన్నవాటిలో అతి బలమైనది బేస్ నాబ్. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ఎలక్ట్రానిక్ సంగీత కచేరీలో, చెవికి తెలియనంత తక్కువ పౌనఃపున్యపు స్పీకర్లను కాసేపు వేస్తూ, కాసేపు ఆపుతూ ప్రేక్షకుల కదలికలను కొలిచారు. అవి పనిచేస్తున్నప్పుడు జనం దాదాపు 12 శాతం ఎక్కువగా కదిలారు. 2022లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అంటే చెవి పట్టించుకోకపోయినా ఒళ్లు పట్టించుకుంటోంది. ఎనిమిది బార్ల పాటు బేస్ తీసేసి, ఫ్రేజు మొదట్లో తిరిగి వదిలితే ఫ్లోర్ ఒక్కసారిగా లేస్తుంది. అయితే పాట పాటకూ ఇదే చేస్తే మూడోసారికే పసతగ్గుతుంది. రెండు పాటల బేస్‌లు ఒకేసారి మోగనివ్వడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. ఒకటి పూర్తిగా తగ్గించాకే రెండోది తెరవండి.

ఎనిమిదో మెట్టు: ఫ్లోర్ ఖాళీ అవుతుంటే

ముందు పాటను అనుమానించకండి. శబ్దం పగిలిందా? ఎవరైనా పెద్ద లైట్లు వేశారా? భోజనాలు మొదలయ్యాయా? గది ఉక్కపోతగా ఉందా? వీటిలో ఏదో ఒకటైతే పాట మార్చి లాభం లేదు. లైట్లు తగ్గించమని చెప్పడానికి మనిషిని పంపండి, భోజనాలైతే వాల్యూమ్ తగ్గించి ఆగండి.

పాటే కారణమని తేలితే, ఉన్నపళంగా కోసేయకుండా ఫ్రేజు చివర వరకు ఆగి మార్చండి. చివరిసారి ఫ్లోర్ నిండుగా ఉన్నది ఏ పాటకో గుర్తుతెచ్చుకుని, ఆ కుటుంబంలోని మరో పాట వేయండి. గట్టెక్కించే పాటల వరుస ఉన్నది ఇందుకే. అయితే భయంతో మూడు సూపర్ హిట్లు వరుసగా విసరకండి. జనం తిరిగొస్తారు, కానీ నాలుగో పాట ఏమిటన్నది అంతకన్నా పెద్ద తలనొప్పి అవుతుంది. ఒకటి వేసి, వచ్చినవాళ్లను పట్టి ఉంచే పాటకు మారండి.

తొమ్మిదో మెట్టు: అడిగినవన్నీ వేయాలా?

అక్కరలేదు, కానీ అన్నీ వినాలి. ఒక్కరు వచ్చి ఒక పాట అడిగితే అది వాళ్ల ఇష్టం. ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు ఒకే తరహా పాట అడిగితే అది గది మాట. ‘ఇంకాస్త ఫాస్ట్‌గా ఉన్నవి వేయండి’ అన్నవారికి చాలాసార్లు కావలసింది వేగం కాదు, తెలిసిన పాట. అడిగిన మనిషి ఫ్లోర్ మీద నుంచి వచ్చారా, బయట నుంచి వచ్చారా అన్నదీ చూసుకోండి. ఆడుతున్నవాళ్ల మాటకు విలువెక్కువ. ఎవరికైనా నవ్వుతూ ‘చూస్తానండి, కుదిరితే తప్పకుండా’ అంటే సరిపోతుంది. వేస్తానని మాటిచ్చి వేయకపోతే ఆ మనిషి బూత్ దగ్గరే తిష్ట వేస్తారు.

మైకు గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఎంత తక్కువ వాడితే అంత మంచిది. ‘అందరూ చేతులు పైకెత్తండి’ అని అడిగి ఎత్తించుకున్న చేతులు మీకు ఏ సమాచారమూ ఇవ్వవు. దానికన్నా మీరే తలెత్తి, హెడ్‌ఫోన్స్ ఒక చెవి నుంచి తీసి, పాటకు ఊగుతూ కనిపించండి. తెరలోకి తల దూర్చిన డీజే లెక్కలు చూసుకుంటున్నట్టు ఉంటారు.

పదో మెట్టు: దించడం, అప్పగించడం, రాసుకోవడం

చివరి అరగంట కోసం బలమైన పాటలు రెండు మూడు దాచుకోండి. మీ తర్వాత ఇంకో డీజే ఉంటే, ఆయన ఏ వేగంలో మొదలుపెడతారో అడిగి, దానికి దగ్గరగా తెచ్చి వదలండి. చివరి పాటను గొప్ప పేలుడుతో ముగించి వెళ్లిపోతే మీకు చప్పట్లు వస్తాయి గానీ, తర్వాత వచ్చే డీజేకు గొయ్యి తవ్వినట్టే. రాత్రిని ముగించేది మీరే అయితే చివరి మూడు పాటలతో మెల్లగా దించండి. జనం ఇంకా ఉండగానే లైట్లు వేయకుండా నిర్వాహకులతో ముందే మాట్లాడుకోండి.

సెట్ మొత్తాన్ని రికార్డు చేసుకోండి. సాఫ్ట్‌వేర్ దాచిన పాటల జాబితాలో ఏ పాట ఏ సమయానికి పడిందో ఉంటుంది. ఆ రాత్రే, నిద్రపోకముందే, దాని పక్కన రాసుకోండి: అంచు ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తరిగింది, ఏ ప్రశ్నకు ఏ జవాబు వచ్చింది. తెల్లారితే మొదటి వరుస అరుపులే గుర్తుంటాయి, అంచు గుర్తుండదు. తర్వాతి సెట్‌కు పాటల వరుసలు సర్దేటప్పుడు ఈ కాగితం ముందు పెట్టుకుని, పట్టి ఉంచుతుందనుకున్న పాట నిజంగా పట్టి ఉంచిందో లేదో చూసి, లేదంటే దాన్ని వేరే వరుసకు మార్చండి.